గేటు దాటినవాళ్ళ లెక్క

పోయినవి ముందు రాస్తాను. ఎమ్మిగనూరులో మా బావ ఉండే సందులో కలరాకు ఐదుగురు పోయారు. అందులో ఒకరు బావ తల్లి. పందొమ్మిది రోజుల మగ్గం పని పోయింది. మూడు వారాల సంతలు పోయాయి. సందులో ఇరవైమూడు మగ్గాలుండేవి, ఆ తర్వాత నాలుగేళ్ళలో పద్దెనిమిది పోయాయి. వీటన్నిటి కింద ఒక రైలుమార్గం రాయాలి. వేయని మార్గం పోయిందంటే ఎవరూ ఒప్పుకోరు. నేను మాత్రం రాస్తాను. అది పోవడంలో నా పెన్సిలు ఉంది.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడిని. చదువు ఐదో తరగతితో ఆగింది. లెక్కలు పత్తి బోరాల మధ్య నాకు నేనే నేర్చుకున్నవి. బండి దిగేలోపలే తరుగు తీసి నికరం చెప్పేవాడిని. అందుకని డెబ్బైల నడిమిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రైలు వేసే ఆలోచనతో సర్వేవాళ్ళు వచ్చినప్పుడు బావకు నేను గుర్తొచ్చాను. మార్గం గిట్టుబాటవుతుందో లేదో తేల్చడానికి రోడ్డు మీద పోయే జనాన్ని ఏడు రోజులు లెక్కపెట్టే మనిషి కావాలి వాళ్ళకు.

"అంకె తప్పితే అన్నం తినడు మా బామ్మర్ది. వాన్నే పెట్టుకోండి సార్," అని సర్వే ఆఫీసరుకు చెప్పింది బావే.

ఆ రైలు బావకు ఎంత ముఖ్యమో చెప్పాలి. మగ్గాలకు నూలు రైల్లో వచ్చి ఆదోని స్టేషన్లో దిగేది. అక్కడ లారీ కోసం రోజుల తరబడి పడి ఉండేది. నూలు లేక విసిగి, సందులో సగం మంది మరమగ్గాల పనికి భివండి పోదామని సిద్ధమయ్యారు. బావ ఇంటింటికీ తిరిగి ఆపాడు. "రైలొస్తే నూలు మన ఊర్లోనే దిగుతాది. రెండేండ్లు ఓర్చుకోండప్పా," అన్నాడు. వాళ్ళు ఆయన మాట మీద ఆగారు.

లెక్క మొదలుపెట్టాల్సిన వారానికే కలరా వచ్చింది. ఇది మన ఊళ్ళో పుట్టింది కాదు, దేశదేశాలు తిరిగి వస్తున్న జబ్బని డాక్టరు చెప్పాడు. ఎమ్మిగనూరు బయట ఆదోని రోడ్డుకు అడ్డంగా వెదురుగడ కట్టి గేటు పెట్టారు. కలరా సూది వేయించుకున్న చీటీ చూపినవాళ్ళనే వదిలేవాళ్ళు. గేటుకు అవతల, ఆదోని వైపు, ఒక తారుడ్రమ్ము మీద నన్ను కూర్చోబెట్టారు. దాటిన ప్రతి మనిషికీ ఒక గీత.

"జబ్బు తగ్గినాక లెక్కపెడితే మంచిది కదా సార్," అన్నాను ఆఫీసరుతో.

"నెలాఖరుకు లెక్క పై ఆఫీసుకు పోకపోతే ఈ మార్గాన్ని జాబితాలోంచే తీసేస్తారండీ," అన్నాడు.

నేతవాళ్ళలో చాలామంది సూది వేయించుకోలేదు. వాళ్ళకు భయమని సూదులు వేసేవాళ్ళు అనుకున్నారు. సంగతి అది కాదు. సూది వేస్తే చెయ్యి రెండు రోజులు వాచేది. మగ్గంలో కుడిచెయ్యి నాడెను అటూ ఇటూ పరిగెత్తించే తాడు లాగాలి, ఎడమచెయ్యి పోగును బిగించే పలక కొట్టాలి. ఏ చేతికి వేసినా మగ్గం ఆగుతుంది. ఉన్న నూలు అయిపోయేదాకా నేసుకుందామని చూశారు. అది అయిపోయి కొత్త నూలు కోసం రోడ్డెక్కితే చీటీ లేదు. ఆ తర్వాత సూదిమందే దొరకలేదు. రెండు రోజులు మిగుల్చుకోబోయి పందొమ్మిది పోగొట్టుకున్నారు.

మూడో రోజు బావ వచ్చాడు. భుజాన నేసిన చీరల మూట.

"చీటీ యాడ?" అన్నాడు పోలీసు.

"లేదు సామీ."

"చెయ్యి చూపించు. సూది గుర్తుంటే వదుల్తా."

"ఈ చేతికి ఇన్ని కాయలుండాయి, చాలదా?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. పోలీసూ నవ్వాడు, కానీ గడ ఎత్తలేదు. బావ గడ మీదుగా నన్ను పిలిచాడు.

"ఏమప్పా, ఈడిదాకా వచ్చినా కదా. నాకొక గీత పెట్టు."

"దాటితేనే గీత బావా."

"దాటనీయంది వాళ్ళు. పోవాలనుకునింది నేను. రైలు ఎవరికోసరం?"

"కాగితంలో అట్లా లేదు."

"అట్లయితే దాటినోళ్ళను ఒకరికి ఇద్దర్ని గీయి. ఎవరు చూసొచ్చినారు?"

"అది నా చేత కాదు."

"నీ చేత కాదని తెలిసే కదా నిన్ను పెట్టించినా," అని మూట రెండో భుజానికి మార్చుకుని వెనక్కి పోయాడు.

అప్పటినుంచి గేటు దగ్గర తిరిగిపోయినవాళ్ళకు కాగితం అంచున చుక్కలు పెట్టాను. అంతకుముందు తిరిగిపోయినవాళ్ళ సంఖ్య నాకు తెలియదు, అందుకని ఊహించి రాయలేదు. ఏడో రోజు సాయంత్రానికి గీతలు 1,181. చుక్కలు 1,904.

"ఈ చుక్కలేమిటండీ?" అన్నాడు ఆఫీసరు.

"వెనక్కి పంపినవాళ్ళు సార్."

"రైలు ఎక్కుదామనుకున్నవాళ్ళకు టికెట్టు కొట్టం కదా?"

చెడ్డవాడని చెప్పను. జబ్బు తగ్గాక మళ్ళీ లెక్కపెట్టాలని నా ముందే ఇంగ్లీషులో ఒక వాక్యం రాసుకున్నాడు. తర్వాత శుభ్రంగా రాయించిన ప్రతి తెచ్చి సంతకం పెట్టమన్నాడు. దాని అంచులో చుక్కలు లేవు. అంకె సరిగ్గా ఉంది కాబట్టి పెట్టాను.

రైలు సంగతి ఏమైందని ఊరివాళ్ళు పెట్టిన అర్జీకి రెండేళ్ళకు జవాబు వచ్చింది. బడిపంతులు చదివి తెలుగులో చెప్పాడు. వారానికి ప్రయాణికులు 1,181 మంది, మార్గం గిట్టదు, ఆలోచన విరమించారు. కలరా అన్న మాట అందులో ఎక్కడా లేదు. మళ్ళీ లెక్కపెట్టే సంగతీ లేదు. నా అంకె మాత్రం టైపు కొట్టి ఉంది. పంతులు అది చదువుతున్నంతసేపూ బావ నా వైపు చూడలేదు.

నేను రాసింది నిజమే. కానీ అది జబ్బుపడిన వారానికి మాత్రమే నిజం. మిల్లులో ఏడు రోజులు సెలవు పెట్టి మళ్ళీ ఆ రోడ్డు మీద కూర్చున్నాను. మంత్రాలయంలో ఉత్సవాలు లేని వారం చూసుకున్నాను, జనాన్ని ఎక్కువ చూపించానని ఎవరూ అనకూడదని. 8,437 మంది వచ్చారు. రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు కార్డు వెనక్కి వచ్చింది. ఇంకేమీ రాలేదు.

మరుసటేడు బావ కూడా భివండి బయలుదేరాడు. ఆదోని స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద మూటల పక్కన నిలబడి ఉంటే, మా అక్క నన్ను చూసి పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. బావే మాట్లాడాడు.

"పోతామన్నోళ్ళను ఆపినోన్ని నేను. ఆ రెండేండ్లూ వాళ్ళు పస్తులుండి నన్ను తిట్టుకున్యారు."

"నా లెక్క..."

"నీ లెక్క తప్పు కాదప్పా. తప్పుంటే నిన్ను నాలుగు తిట్టి ఊరకుందును."

రైలు వచ్చింది, ఎక్కారు. ఇది జరిగి పదేళ్ళవుతోంది. ఎమ్మిగనూరు రోడ్డు మీద జనాన్ని మళ్ళీ లెక్కపెట్టడానికి ఎవరూ రాలేదు. రెండో లెక్కలోంచి మొదటిది తీసేస్తే, నేను సంతకం పెట్టిన కాగితంలోకి ఇంకా ఎక్కాల్సినవాళ్ళు ఏడు వేల రెండు వందల యాభై ఆరు మంది.