ఓటుకు తోడు వచ్చిన మనిషి

ఆ ఏడాది మునిసిపల్ ఎన్నికలు కరోనా వల్ల సగంలో ఆగిపోయి మళ్ళీ మొదలయ్యాయి. నామినేషన్లు వేసినవాళ్ళు వేసినచోటే ఉండిపోయారు. గోడలకు అంటించిన కాగితాల మీద అభ్యర్థుల మొహాలు ఒక ఎండాకాలం ఎండకీ ఒక వానాకాలం తడికీ వెలిసిపోయి, ఏ మొహం ఎవరిదో తెలియకుండా అయిపోయాక కబురొచ్చింది, ఆపినచోట నుంచే జరుపుతారని. మధ్యలో మెలకువ వచ్చి, నాలుగు గుక్కల నీళ్ళు తాగి, మళ్ళీ పడుకుంటే అదే కల కొనసాగినట్టు.

నేను బాపట్లలో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెబుతాను. నాకు తెనాలిలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా డ్యూటీ వేశారు. అంటే ఒక గదికీ, ఆ గదిలో ఉన్న ఓటు పెట్టెకీ ఒక పగటిపూట నేనే పెద్దదిక్కు. పంచాయతీ ఎన్నికల్లో పక్కన కూర్చుని వేళ్ళకు సిరా పూసిన అనుభవమే తప్ప, ఇంత బాధ్యత ఎప్పుడూ నెత్తిన పడలేదు. శిక్షణ రోజున కమిషనర్‌గారు ఒకటే మాట తిప్పితిప్పి చెప్పారు. "ఏం జరిగినా దానికో రూలు ఉంటుందండి. గుర్తు రాకపోతే పుస్తకం తెరవండి. గాభరా మాత్రం పడకండి." ఆ పుస్తకాన్ని ఇంట్లో కూరలు తరుగుతూ కూడా చదివాను.

పోలింగ్ ముందురోజు పొద్దున్నే బాపట్లలో రైలెక్కాను. నిడుబ్రోలు దాటాక కిటికీలోంచి మినుము తీసేసిన చేలు, చుండూరు దగ్గర మంచులో సగం మునిగిన తాటిచెట్లు. ఆ దారి నాకు కొత్త కాదు. మా పుట్టిల్లు రేపల్లె దగ్గర. డిగ్రీ మూడేళ్ళూ రేపల్లె బండిలో తెనాలి వచ్చి చదువుకున్నాను. ఇప్పుడు రెండో వైపు నుంచి వస్తుంటే, తెలిసిన ఇంట్లోకి దొడ్డిదారిన వెళ్తున్నట్టుంది.

కాలేజీ ఆవరణలో షామియానాలు వేసి సామాను పంచారు. బ్యాలెట్ పత్రాలు, స్వస్తిక్ ముద్ర, సిరా సీసా, లక్క, దారం, కొవ్వొత్తి. ఇనప పెట్టెని ఇద్దరం చెరోవైపు పట్టుకుని బస్సెక్కించాం. మాకిచ్చిన బడి కాలవకి దగ్గర్లో ఉంది. మేం వెళ్ళేసరికి మునిసిపాలిటీ వాళ్ళు ముంగిట బ్లీచింగ్ చల్లి, మనిషికీ మనిషికీ ఎడం ఉండేలా సున్నంతో గుండ్రాలు గీసిపెట్టారు. సాయంత్రం ఎండలో ఆ తెల్లటి గుండ్రాలు ఖాళీగా, ఎవరో రావలసిన పేరంటానికి వేసిన పీటల్లా కనిపించాయి.

గదిలో పిల్లల బొమ్మల చార్టులు ఉన్నాయి. వాటిలో ఏ పార్టీ గుర్తులానైనా కనిపించే బొమ్మ ఉంటే దాని మీద తెల్లకాగితం అంటించాలి. అంటించుకుంటూ పోతే చివరికి ఒక కాకి, ఒక మామిడిపండు, ఒక గొడుగు మిగిలాయి. గొడుగు కూడా ఒకాయన గుర్తేనని మా సహాయకురాలు చెబితే దాన్నీ మూసేశాం.

తెల్లవారి, ఏజెంట్ల ఎదుట పెట్టె మూత తెరిచి, బోర్లించి, ఖాళీ అని చూపించి, లక్కతో సీలు వేశాను. కొవ్వొత్తి వాసన గదంతా నిండింది. అంతలోనే జనం వచ్చారు.

అవి మాస్కుల రోజులు. గుమ్మం దగ్గర ఆశా కార్యకర్త నుదుటికి యంత్రం చూపించి, చేతుల్లో శానిటైజర్ పోసి లోపలికి పంపేది. లోపలికి వచ్చినవాళ్ళకి కళ్ళు మాత్రమే ఉండేవి. పేరు సరిచూసుకునేటప్పుడు మాస్కు ఒక్క క్షణం కిందికి లాగితే మొహం తెరుచుకుని, మళ్ళీ మూసుకునేది. ప్రతి జత కళ్ళూ నాకు ఎక్కడో చూసినట్టే అనిపించాయి. కాలేజీ రోజుల్లో రైల్లో సీటిచ్చిన ఆవిడా? స్టేషను బయట కొట్లో మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టిన ఆయనా? మొహం తెరుచుకున్నాక కాదని తేలేది. అయినా ఆ పొద్దంతా నా ఇరవయ్యో ఏడు ఆ గదిలో నా ఎదురుగా వరసలో నిలబడి, ఒక్కొక్కరుగా వేలికి సిరా పూయించుకుని వెళ్ళిపోతున్నట్టే ఉంది. కాగితం మడత విప్పే చప్పుడు, ముద్ర పడిన చప్పుడు, పెట్టెలోకి జారిన చప్పుడు. కళ్ళు మూతలు పడుతుంటే నీళ్ళు చల్లుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం ఎండ ముదిరి వరస పలచబడింది. అప్పుడు వచ్చిందావిడ. డెబ్భై దాటి ఉంటాయి. నీలం అంచు తెల్ల చీర, చేతిలో కర్ర. రెండు కళ్ళూ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని తెచ్చినాయన కొడుకు.

"అమ్మకి చూపు లేదండి. నేనే వేయిస్తాను" అన్నాడాయన.

రూలు నాకు గుర్తుంది. చూపు లేనివాళ్ళు తోడుగా ఒకరిని లోపలికి తీసుకెళ్ళచ్చు. ఆ తోడు వచ్చినవాళ్ళు, ఓటరు చెప్పినట్టే ముద్ర వేశామనీ, ఎవరికీ చెప్పబోమనీ ఒక హామీ మీద సంతకం చెయ్యాలి. ఆ కాగితం ఆయన ముందు పెట్టబోయాను.

"ఉండమ్మా" అంది ఆవిడ, నా గొంతు వినిపించిన వైపు మొహం తిప్పి. "తోడు ఎవరు రావాలో చెప్పాల్సింది నేనా, వాడా?"

"మీరేనండి" అన్నాను.

"అయితే వీడొద్దు."

కొడుకు నవ్వబోయి ఆగిపోయాడు. "ఏంటమ్మా? ఎప్పుడూ నేనేగా వేయించేది!"

"అందుకేరా" అంది ఆవిడ.

గదిలో చిన్న నవ్వు లేచి ఆగింది. ఆయన మొహం మాస్కు పైదాకా ఎర్రబడింది. ఆ కొడుకు ఒక అభ్యర్థి తరఫున వీధంతా తిరిగాడని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం నాకు, నలుగురిలో చిన్నబోయిన మనిషే కనిపించాడు.

"మరి ఎవరిని తీసుకెళ్తారు? మీరే నమ్మకమైనవాళ్ళని చెప్పాలి. మేమెవరం రాకూడదు" అన్నాను.

ఆవిడ తల కొంచెం పైకెత్తి విన్నది. ఏం వింటోందో మాకెవరికీ తెలియలేదు. అప్పుడే ఓటు వేసి పెట్టె దగ్గర నుంచి గుమ్మం వైపు నడుస్తున్న ఒకావిడ మట్టెల చప్పుడు. "అదుగో, అది మా తోడికోడలు. ఒప్పుకుంటే దాన్ని రమ్మనండి" అంది.

ఆ రెండో ఆవిడ ఉన్నచోటే నిలబడిపోయింది. అరవై అయిదు ఉంటాయి, సన్నగా, పొడుగ్గా ఉంది.

ఒక ఏజెంటు కుర్చీలోంచి లేచాడు. "మేడం, వాళ్ళిద్దరికీ మాటల్లేవండి. ఏళ్ళయింది. పక్కపక్క వాటాల్లో ఉండి ఒకళ్ళ గడప ఒకళ్ళు తొక్కరు. ఆవిడ ఒకటి చెబితే ఈవిడ ఇంకోటి వేస్తే ఎవరిది బాధ్యత?"

నేను జవాబు వెతుక్కునేలోపే పెద్దావిడ అంది. "అది నాతో మాట్లాడదు నాయనా. అబద్ధం మాత్రం ఆడదు. ఇంకోటి, మాలో ఎవరితోనూ మాట్లాడదు కదా, నా ఓటు సంగతి ఎవరికి చెబుతుంది?"

రూలు పుస్తకం తెరిచాను. చూపించడానికే తప్ప చూడటానికి కాదు. ఓటరుకు ఇష్టమైన మనిషి, పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్ళని మనిషి. అంతే. మాటలు ఉండాలని ఎక్కడా లేదు.

"మీకు సమ్మతమేనా అండి?" అని చిన్నావిడని అడిగాను.

ఆవిడ కాగితం తీసుకుని, చివరిదాకా చదివి, సంతకం చేసింది. తర్వాత వెళ్ళి పెద్దావిడ చెయ్యి పట్టుకోలేదు, తన మోచేతిని ఆవిడ చేతికి తగిలేలా ఆనించింది. పెద్దావిడ దాన్ని పట్టుకుంది. ఇద్దరూ ఓటు ముద్ర వేయడానికి మూలన పెట్టిన అట్టగూడు వెనక్కి వెళ్ళారు.

చాలాసేపు గుసగుసలు వినిపించాయి. మాటలు తెలియలేదు. కాలవగట్టు మీద నుంచి వెళ్తున్న ఆటోలో పాట దగ్గరగా వచ్చి దూరమైంది. ఆపైన ముద్ర చప్పుడు. మడిచిన కాగితాన్ని పెద్దావిడే తడుముకుంటూ పెట్టెలో వేసింది. వేశాక పెట్టె మూత మీద అరచెయ్యి పెట్టి, ఇనుము వేడి చూసినట్టు ఒక క్షణం ఉంచింది.

కొడుకు ముందుకొచ్చి చెయ్యి చాచాడు. "నువ్వు ఇంటికి పోయి అన్నం తిను. నేను దీంతో వస్తాలే" అందావిడ.

నా కుర్చీ వెనక కిటికీ వరండాలోకి తెరుచుకుని ఉంది. వరండాలో పిల్లల బల్ల ఒకటి వేసి ఉంది. వాళ్ళిద్దరూ దాని మీద కూర్చున్నారు. గదిలో ఓటర్లు లేరు. ఎవరి మాటలూ వినాలని కాదు, కానీ లేచి కిటికీ మూస్తే ఆ చప్పుడికి వాళ్ళు ఆగిపోతారేమోనని భయమేసింది. కదలకుండా కూర్చున్నాను.

పెద్దావిడే ముందు అంది. "మీ బావగారు పోయిననాడు నువ్వు రాలేదు. అన్నీ మర్చిపోయానే, అదొక్కటే మర్చిపోలేదు."

"వచ్చాను" అంది చిన్నావిడ. గొంతు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"ఎక్కడికి?"

"గుమ్మం దాకా వచ్చాను. లోపలికి కూడా వచ్చాను. నీ ఎదురుగా నిలబడ్డాను అక్కా. నువ్వు నాకేసి చూసి మొహం తిప్పేసుకున్నావు."

పెద్దావిడ చేతిలో కర్రని ఒకసారి తిప్పింది. ఆ తర్వాత చాలా మెల్లిగా, "అప్పటికే నాకు చూపు పోయిందే" అంది.

"ఆ రోజుకే పోయిందని నాకు తెలీదు."

"ఎవరూ చెప్పలేదూ?"

"ఆ తర్వాత నాతో ఎవరు మాట్లాడారని?"

బయట ఎండ తెల్లగా ఉంది. సున్నపు గుండ్రాల్లో ఒక్క మనిషి కూడా లేడు. నేను చూస్తున్నది మెలకువలోనేనా అని అనుమానం వచ్చింది. ఇద్దరు మనుషుల మధ్య అన్నేళ్ళు నిలబడిన గోడకి పునాది, చూడలేని కళ్ళు చూశాయనుకోవడం.

"పలకరించచ్చుగా" అంది పెద్దావిడ చివరికి.

"ఆ గడియలో ఏమని పలకరించను?"

ఆపైన ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి వచ్చింది. ఇంతలో ఒక కుటుంబం గలగలా లోపలికొచ్చి పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. పత్రాల వెనక సంతకాలు పెట్టే పనిలో పడ్డాను. మళ్ళీ కిటికీ వైపు చూసేసరికి బల్ల మీద చిన్నావిడ ఒక్కతే ఉంది. మళ్ళీ విడిపోయారా అనుకున్నాను. ఆమె వంగి పెద్దావిడ చెప్పులు వెతికి, కాళ్ళ దగ్గర పెడుతోందని తర్వాత కనపడింది. పెద్దావిడ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

సాయంత్రం గేటు వేయించి, పెట్టె నోరు మూసి సీలు వేశాం. బస్సులో ఆ పెట్టె నా కాళ్ళకి ఆనుకుని ఉంది. కాలేజీలో అప్పగించి రసీదు తీసుకున్నాక చేతులు ఉత్తిగా, తేలిగ్గా అయిపోయాయి. లెక్కింపు డ్యూటీ నాకు పడలేదు. ఆ వార్డులో ఎవరు గెలిచారో పేపర్లో చూశానేమో కూడా, గుర్తులేదు.

కొన్నాళ్ళకి మా అమ్మకి ఒంట్లో బాగాలేదని రేపల్లె వెళ్తూ తెనాలి స్టేషన్లో బండి మారాల్సి వచ్చింది. రేపల్లె బండి ఇంకా పెట్టలేదు. ప్లాట్‌ఫాం మీద వాళ్ళిద్దరూ కూర్చుని జామకాయ ముక్కలు తింటున్నారు. మాస్కులు లేవు. దగ్గరికెళ్ళి, "నన్ను గుర్తుపట్టారా అండి?" అన్నాను. చిన్నావిడ తేరిపార చూసి పోల్చుకోలేకపోయింది. పెద్దావిడే నా గొంతు గుర్తుపట్టింది. "ఓట్ల మేడం గదూ!"

చెరుకుపల్లిలో చిన్నావిడ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్తున్నారట. రేపల్లెలో దిగి బస్సెక్కుతారట. "మా వాడు కారు మాట్లాడతానన్నాడు. దీనికి రైలంటే ఇష్టం" అంది పెద్దావిడ. తర్వాత నా వైపు వంగి, "మేమేసినావిడ గెలవలేదమ్మా" అంది.

"అక్కా! చెప్పకూడదు. సంతకం పెట్టాను" అని కసిరింది చిన్నావిడ.

"పెట్టింది నువ్వు. నేను కాదుగా!"

ముగ్గురం నవ్వాం. బండి వచ్చింది. చిన్నావిడ ముందెక్కి, వెనక్కి తిరిగి, మోచెయ్యి కాదు, చెయ్యి అందించింది. నేను వాళ్ళ ఎదురు సీట్లో కూర్చున్నాను. వేమూరు దాటేదాకా చిన్నావిడ కిటికీలో కనిపించినవన్నీ చెబుతూనే ఉంది. వరి కంకి వేసిందని, ఎవరిదో చేలో కొంగలు దిగాయని, కాలవలో నీళ్ళు నిండుగా ఉన్నాయని. పెద్దావిడ తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని వింటోంది. భట్టిప్రోలు వచ్చేసరికి ఆవిడ నిద్రపోయింది. చిన్నావిడ మాత్రం ఆపలేదు, గొంతు తగ్గించి, ఇంకా చెబుతూనే ఉంది.