సహన వడ్డించిన అన్నం

తెల్లవారకముందే లేచి చిత్రాన్నం కలిపి, కొడుకు చైతు డబ్బాకు మూత బిగించడం లక్ష్మీదేవికి ఏళ్ల అలవాటు. వాడు పీణ్య పారిశ్రామికవాడలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. ఉగాది వెళ్లాక ఒకనాడు లారీ కింద పడి చనిపోయాడు. ఇప్పుడూ అదే వేళకు ఆమెకు మెలకువ వస్తుంది. పొయ్యి వెలిగించదు. గోడకు ఆనుకుని, పక్కింటి కుక్కర్ కూతలు వింటూ కూర్చుంటుంది.

మరిది ఓంకార్ సినిమావాళ్ల వ్యాను నడుపుతాడు. ఒకప్పుడు జనాన్ని జడిపించిన సినిమా ఒకటుంది. చచ్చిపోయిన కొడుకు గది తలుపుతో మాట్లాడుతూ మతిపోయిన తల్లి కథ. దానికి రెండో భాగం తీస్తున్నారు.

"వదినా, ఈసారి ఆ తల్లిని దయ్యం మాదిరి చూపించరంట. ఆమె కడుపుకోత చూపిస్తారంట. ఆ తల్లి వేషం వేసే హీరోయిన్ సహన మేడం ఒకపూట నీ దగ్గర కూర్చుని చూస్తాదంట. అన్నకు మాత్రం చెప్పొద్దు, ఒప్పుకోడు," అన్నాడు.

లక్ష్మీదేవి ఒప్పుకుంది. చైతు పోయినప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. అప్పటినుంచి వీధిలో ఆడవాళ్లు ఆమెను చూస్తే గొంతు తగ్గించి, పిల్లల్ని దగ్గరకు లాక్కుంటున్నారు. మొగుడు వెంకటరాయప్ప కూడా ఆమె వైపు బెదురుగా దొంగచూపులు చూస్తున్నాడు. కొడుకు పోయిన తల్లి పిచ్చిది కాదని ఆ సినిమా అయినా చెబుతుందేమో అనుకుంది.

ఓంకార్ వెంట సహన వచ్చి కూర్చుంది. లక్ష్మీదేవి అన్నం వండింది, చారు పెట్టింది, మిద్దె మీది బట్టలు తెచ్చి మడిచింది.

"ఆంటీ, ఒంటరిగా ఉన్నప్పుడు మీరు అతనితో మాట్లాడరా?"

"లేనోడితో ఏం మాట్లాడేదమ్మా?"

"పోనీ, ఏడుస్తారా?"

"రాదు. ఇట్లే ఉండాది. ఇదే చూపించండి."

"ఇది చూసి ఎవరు భయపడతారు ఆంటీ? టికెట్ కొన్నవాళ్లు నిద్రపోతారు," అని నవ్వింది సహన.

తర్వాత తనే లేచి ఒక కంచం తీసుకుని, అన్నం వడ్డించి, వట్టి గోడ ముందు పెట్టి మోకాళ్ల మీద కూర్చుంది. "చైతూ, ఆకలేస్తోందా నాన్నా? తిను," అంటూ ఒకసారి నవ్వింది, ఒకసారి ఏడ్చింది. ఏడుపు బాగా కుదిరింది. ఫోనులో తీస్తున్న ఓంకార్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. లక్ష్మీదేవి ఆ కంచం వైపే చూసింది. కొడుకు పోయాక ఈ ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఈ పిల్ల.

సహన మెట్లు దిగి వెళ్లిపోయింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఓంకార్, "వదినా, అన్న వచ్చేలోపల ఆ కంచం కడిగెయ్," అన్నాడు.

"పెట్టినోళ్లే తీయాలప్పా."

వాడు నవ్వులాటనుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వెంకటరాయప్ప వచ్చి గడపలోనే ఆగిపోయాడు. గోడ ముందు కంచం, అందులో ఎండిన అన్నం.

"ఎవరికే ఇది?"

సంగతి చెబుదామని లక్ష్మీదేవి నోరు తెరిచి రెండడుగులు ముందుకు వచ్చింది. అతను చప్పున వెనక్కి జరిగాడు.

అది చూశాక ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. చారు వేడిచేసి, వేరే కంచంలో అతనికి వడ్డించింది. గోడ ముందు కంచాన్ని మాత్రం ముట్టుకోలేదు.