రెండు గళ్ల సంచులు

బర్లాద్ పట్నంలోని చొక్కాల ఫ్యాక్టరీలో అగ్లాయా ముప్పై ఏళ్లుగా కాలర్లు కుడుతోంది. కుట్టు ఎక్కడ వంకరపోయినా చూడకుండా వేలితో తడిమి చెప్పేయగలదు. ఆవిడ పొరపడిందని నోరుపారేసుకునే సూపర్‌వైజరు కూడా ఎన్నడూ అనలేదు. అలాంటి మనిషి ఒకే ఒక్కసారి, పొరపడకూడని చోట పొరపడింది.

తల్లి దోమ్నికాకు ఎనభై ఒకటి. ఊళ్లో ముసలమ్మలందరిలాగే తన చావుబట్టలు తనే సిద్ధం చేసుకుంది. నల్ల గౌను, తెల్ల తలగుడ్డ, ఒక్కసారీ తొడగని బూట్లు, చివరి ఘడియలో చేతికివ్వడానికి ఒక కొవ్వొత్తి. అన్నీ సంతలో కొన్న గళ్ల సంచిలో పెట్టి బీరువా అడుగున దాచింది. ఏటా ఈస్టరు ముందు వాటిని ఎండకేసి, మళ్లీ మడతపెట్టి, కూతురికి పరీక్ష పెట్టేది.

"నేను పోతే ఏ సంచి తియ్యాలే?"

"బంగాళాదుంపల సంచి."

"నీ మొహం! కంగారులో చేతికేది దొరికితే అది తెస్తావు నువ్వు. దేవుడి ముందు నా పరువు తీస్తావు."

"నువ్వెక్కడ పోతావమ్మా? ముందు నన్ను సాగనంపుతావు."

తల్లి ఎంత విసుక్కున్నా, అగ్లాయా ఒక్క ఏడూ సరైన జవాబు చెప్పలేదు. చెబితే నిజమవుతుందేమోనని ఆవిడ భయం.

ఈ ఫిబ్రవరిలో దోమ్నికా మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగానే జరిగింది. పదో రోజుకు వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది, పక్క మంచం ఆవిడ గురకను వెక్కిరించింది కూడా. శనివారం ఇంటికి తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చేటప్పుడు తొడగడానికి నీలం స్వెటరూ, ఉన్ని లంగా, బూట్లూ అగ్లాయా ముందురోజే సర్దిపెట్టింది. ఆ సంచీ గళ్లదే, ఆ సంతలో కొన్నదే. దాన్నీ బీరువాలోనే పెట్టింది పిచ్చితల్లి. శనివారం పొద్దున్నే కోడి సూపు కాచి పొయ్యి మీద ఉంచి, బస్సు పోతుందని సంచి లాక్కుని పరుగెత్తింది. బస్సులో దారంతా తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

వార్డు గుమ్మంలో నర్సు ఆపింది.

"తెల్లారగట్ట మెదడులో రక్తం గడ్డకట్టిందమ్మా. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట పోయింది. మనిషికి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి."

"నిన్న సాయంత్రం నన్ను తిట్టిందండీ! జుట్టు దువ్వుకుని రాలేదని తిట్టింది!"

"మింగగలదు, చూశాం. కానీ మేం పెడితే పెరుగు కూడా ముట్టడం లేదు. మీరు పెట్టి చూడండి. బతకాలని ఆవిడకే ఉండాలమ్మా, ఈ వయసులో మిగతాదంతా తర్వాతే."

నోటిదాకా వచ్చిన కూడు నేలపాలైనట్టయింది అగ్లాయాకు. అయినా నవ్వు పులుముకుని మంచం దగ్గరికి వెళ్లింది. తల్లి నోరు ఓ పక్కకు వంగిపోయింది. కళ్లు మాత్రం అవే కళ్లు.

"ఇంటికెళ్దామమ్మా. ఇదుగో, బట్టలు కూడా తెచ్చా, చూడు" అంటూ సంచి దుప్పటి మీద పెట్టి జిప్పు లాగింది.

పైన కొవ్వొత్తి. దాని కింద తెల్ల తలగుడ్డ.

అగ్లాయా కొవ్వొత్తిని చేత్తో కప్పేసింది. "ఇది కాదు! సంచి మారిపోయిందమ్మా, ఒట్టు! నీలం స్వెటరు తెద్దామనుకున్నా. ఇప్పుడే వెళ్లి తెస్తా. ఇది కాదమ్మా!"

దోమ్నికా విన్నదో లేదో. ఎడమ చెయ్యి మెల్లగా జరిపి తలగుడ్డ అంచు తడిమింది, మడత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. తర్వాత ఆ చేత్తోనే కూతురి చెయ్యి రెండుసార్లు తట్టింది. చిన్నప్పుడు ఎక్కం తప్పుల్లేకుండా ఒప్పజెప్పినప్పుడు అలాగే తట్టేది. ఇన్నేళ్లకు కూతురు సరైన సంచి తీసింది మరి.

అగ్లాయా పెరుగు చెంచా అందుకుంది.

"ఒక్కటే అమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్క చెంచా."

చెంచా పెదవులకు తగిలింది. దోమ్నికా కూతురి వంక ప్రేమగా చూసి, నోరు గట్టిగా మూసుకుంది.