వాళ్ళ తలుపుకు నా చొక్కా

నా చిన్నప్పుడు మా జేజి, అంటే నాయనమ్మ, తలుపులకు చేసిన పని గురించి నేను నోరు తెరిస్తే చాలు, ఇంట్లో ఎవరో ఒకరు టీవీ సౌండు పెంచుతారు. పెళ్ళిళ్ళలో చెప్పబోతే భోజనాలకు లేచిపోయారు. అందుకే ఇక రాసి పెడుతున్నాను.

మార్కాపురంలో మాది నాపరాళ్ల కప్పు ఉన్న చిన్న ఇల్లు. నాయన, చిన్నాయన దాన్ని చెరొక గదిగా పంచుకున్నారు. జేజి మంచం గదుల ముందున్న వసారాలో ఉండేది. గదుల్లో తలుపు తిరిగే చోటు లేక రెండింటినీ వసారాలోకే తెరుచుకునేట్టు పెట్టారు. మూలలో ఒకటి ఈ గోడకు, ఒకటి ఆ గోడకు ఉండడంతో, రెండూ ఒకేసారి తెరిస్తే అంచులు రాసుకునేవి. మా ఆకుపచ్చ రంగు వాళ్ళ తలుపుకు, వాళ్ళ నీలం మా తలుపుకు అంటేది.

"అక్కా, నీ చేతికి నిదానమనేది లేదా?" అనేది పిన్ని.

"నీ తలుపే ఎదురొచ్చె. నేనేమన్నా పిలిచినానా?" అనేది మా అమ్మ.

వానలకు చెక్క ఉబ్బి తలుపులు ఇంకా గట్టిగా కొట్టుకునేసరికి, గొడవ ముదిరి ఆ మాటలు కూడా ఆగిపోయాయి. వసారా మధ్యలో గోడ పెట్టాలని నాయన బండెడు రాళ్లు దింపించాడు. గోడ లేస్తే చిన్నాయన కొడుకు, అంటే నా తమ్ముడు, అటు, నేను ఇటు. జేజి ఆ రాళ్లను చూసి ఒక్కటే అడిగింది.

"నా మంచం ఏ పక్క ఏస్తార్రా?"

అన్నదమ్ములిద్దరూ రాళ్లను అక్కడే వదిలేసి ఎవరి గదిలోకి వాళ్ళు పోయారు.

మరునాడు ఆమె నా చొక్కా ఒకటి, తమ్ముడి చొక్కా ఒకటి తీసుకుని మడతలు పెట్టి మెత్తలు కుట్టింది. నాది బాగున్న గళ్ల చొక్కా. వాడిది మోచేతుల దగ్గర చినిగినది. ఈ అన్యాయం గురించి ఇంతవరకు ఒక్కరూ మాట్లాడలేదు. నా మెత్తను పిన్ని తలుపు అంచుకు, వాడిది మా తలుపు అంచుకు మేకులతో బిగించింది.

"ఇంక కొట్టుకోండి. ఎవురి బిడ్డకు తగుల్తాదో సూస్తాం."

అమ్మ విసురుగా తోస్తే తగిలేది నా చొక్కాకే. తోయబోయి ఆమె చేయి ఆపుకోవడం నేను చూశాను. పిన్ని అయితే తలుపు తీసేముందు "అక్కా, వస్తాండా" అని కేకేయడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు అమ్మ "రా, రా" అనసాగింది. రాళ్లను బట్టలుతికే చోట పరిచారు.

మెత్త చిరిగినప్పుడల్లా అవతలి తలుపుకు మన పిల్లల బట్ట ఇవ్వడం మా రెండిళ్ళకూ అలవాటైపోయింది. నా కూతురి గౌన్లు, తమ్ముడి కొడుకు నిక్కర్లు ఆ అంచుల మీదే అరిగాయి. ఇప్పటికీ ఏ ఇంటి తలుపు తోయబోయినా, అవతల ఎవరి బిడ్డ ఉందో అని నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

మొన్న తమ్ముడు తన తలుపుకు మా మెత్త తీసేసి రబ్బరు బిళ్ళలు కొట్టించాడు. నాతో ఒక్క మాట అనలేదు. మా తలుపు మీదున్న వాళ్ళ మెత్త దారాలు తేలిపోయి వేలాడుతోంది. ఒరే తమ్ముడూ, నీ మనవరాలికి పొట్టయిపోయిన గౌను ఒకటి ఇయ్యమని ఇంకా ఎన్నిసార్లు అడగాల? ఇస్తావా, ఇయ్యవా? జవాబు చెప్పు.