తొమ్మిదో పాట

మౌత్ ఆర్గాన్ ఎక్కడ వినిపించినా నాకు పీతల కూర వాసన వస్తుంది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఇన్నేళ్లయినా అంతే.

నాకు ముక్కు మీద కోపం అని మా వైపు అందరికీ తెలుసు. ఇందులో నేను చేసిన పని కూడా కోపంలో చేసిందే. దాచుకోవడం ఎందుకని ముందే చెప్పేస్తున్నాను.

దక్షిణాఫ్రికాలో అందరూ ఒకే వరసలో నిలబడి ఓటు వేసిన మరుసటి ఏడాది నేను కాకినాడ నుంచి డర్బన్ పక్కనున్న చాట్స్‌వర్త్‌కి లెక్కల టీచరుగా వెళ్లాను. మా ఆయనకు స్టాంగర్ చక్కెర మిల్లులో కెమిస్టు ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. నేను కొండవాలులో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి. డర్బన్‌లో బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేది, భర్త పోయి ఎనిమిదేళ్లు. వాళ్ల ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు కొట్టే పనికి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ మాట్లాడేది ఇంగ్లిషే. మధ్యమధ్య తెలుగు ముక్కలు, తోకలు తెగిన క్రియలతో వచ్చిపడేవి.

"ఏయ్ చెల్లీ, కూడు తిన్నావా? తినలే? హాయిబో! రా, కూకో."

మొదటి రోజు ఆవిడ నాతో అన్న మాట అదే. కూడు అనే మాటను మా నాయనమ్మ పోయాక నేను మళ్లీ వినలేదు. హాయిబో అంటే అక్కడి జూలూవాళ్లు ఆశ్చర్యపోయినప్పుడు అనేదని తర్వాత తెలిసింది. కూకున్నాను. పప్పు, అన్నం, మామిడికాయ పచ్చడి. ఏడుపొచ్చింది, పచ్చడి కారమని చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అక్క.

అక్కకు ఒక ఆదివారపు అలవాటు ఉండేది. తలంటుకుని, జుట్టు విరబోసుకుని, ముందు గదిలో గ్రామఫోను మీద ఒక ప్లేటు పెట్టేది. డెబ్బైల మొదట్లో ఇంగ్లండు కుర్రాళ్లు ఎవరో కట్టిన రాక్ ఆల్బం. అమెరికా నల్లవాళ్ల దుఃఖాన్ని ఎక్కడో విని నేర్చుకుని, దానికి పెద్ద పెద్ద గిటార్లు తగిలించారు. అట్ట మీద వానలో మూసేసిన కొట్టు, దాని చూరు కింద తడిసిన కుక్క. మొదట్లో నాకది కత్తులు సానబట్టినట్టు ఉండేది. వెనక గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ పళ్లు నూరుకునేదాన్ని. నాలుగు నెలలకు చూద్దును కదా, ఆ మౌత్ ఆర్గాన్ వచ్చే చోటికి ఎర్ర పెన్ను దానంతటదే ఆగిపోతోంది.

ప్లేటు ఆవిడ భర్తది. ఆయన ఓడరేవులో చక్కెర ఎగుమతి చేసే చోట పనిచేసేవాడు. సెలవుల్లో పెళ్లిళ్లకు గిటారు వాయించేవాడు. ఒకరోజు పనిలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. గోడ మీద ఫొటోలో చెవుల దాకా జుట్టు, వెడల్పాటి కాలరు, పళ్లన్నీ కనిపించే నవ్వు.

ఏటా ఆయన పోయిన రోజున అక్క పెద్దలకు పెట్టుకునేది. అరిటాకులో అన్నం, మటన్, పీతల కూర, పక్కన నల్ల బీరు సీసా, సిగరెట్ పెట్టె. ఆయనకు ఏం ఇష్టమో అవన్నీ. అందుకని ప్లేటు కూడా. దాన్ని దీపం పక్కన నిలబెట్టి, దేవుడి పటానికి పెట్టినట్టే గంధం, కుంకుమ బొట్లు పెట్టేది. అట్ట మీద కాదు, నల్లటి ప్లేటు మీదే! తర్వాత సాంబ్రాణి వేసి, ఆయన్ని పిలిచి, ప్లేటును గ్రామఫోను మీదికి ఎక్కించి, ముల్లు ఆనించి, అందరూ బయటికొచ్చి తలుపు వేసేవాళ్లు. ఆయన భోంచేసే టైము ప్లేటుకు ఒక వైపంత. పాటలు ఆగాక అక్క వాళ్లన్నయ్య తలుపు మూడుసార్లు తట్టి, "బావా, అయిందా?" అని అరిచేవాడు. అప్పుడు లోపలికెళ్లి అందరూ తినాలి.

నేను వెళ్లిన మొదటి ఏడు ఆ ప్లేటు పాట మధ్యలో ఇరుక్కుపోయింది. ఎనిమిదేళ్ల గంధం గీతల్లో గట్టిపడితే ముల్లు మాత్రం ఏం చేస్తుంది! ఒకే ముక్క, మళ్లీ అదే ముక్క. ఆయన భోజనం మధ్యలో లోపలికి వెళ్లకూడదు, వెళ్లకపోతే పాట అవదు. మేం పెరట్లో బట్టల తీగ కింద నిలబడ్డాం, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి.

అప్పుడు వాళ్లన్నయ్య మొదలుపెట్టాడు. రిటైరైన బస్సు డ్రైవరు, వీధి చివరిదాకా వినపడే గొంతు. ఆయన మాటలు ముప్పావు వంతు ఇంగ్లిషే, నేను తెలుగులో రాస్తున్నాను.

"మా బావ కోతలు అట్టాంటిట్టాంటివి కాదు టీచరమ్మా! ప్లేటుకు కూడా నత్తి వచ్చేసింది చూడు. ఇందులో ఎనిమిది పాటలున్నాయా? కాదంట! అసలు ప్లేటులో తొమ్మిదంట. తెల్ల సర్కారు ఒకటి కోసేసి ఇక్కడ అమ్మిందంట. ఎవడో నావికుడు ఓడలో ఈయనకొక్కడికే వినిపించాడంట!"

అందరూ నవ్వారు. ఆ కథ వాళ్లకు ఏటా ఉండేదేనని నాకు అర్థమైంది. మిగతాది కూడా చెప్పాడు. ఎవరూ నమ్మకపోయేసరికి బావ రోషపడి, ఆ నావికుణ్ని ప్లేటుతో సహా ఆదివారం భోజనానికి తీసుకొస్తానన్నాడు. అక్క పీతల కూర వండింది. చుట్టాలందరూ వచ్చి కూర్చున్నారు. బావ ఒక్కడే తిరిగొచ్చాడు, ఓడ ఒకరోజు ముందే వెళ్లిపోయిందట. "ఓడ వెళ్లిపోయిందంట!" అని అన్నయ్య తొడ చరుచుకున్నాడు. ఆ రోజు బావ ముద్ద ముట్టకుండా లేచిపోయాడట.

నేను అక్క వైపు చూశాను. ఆరేసిన తువాలును తీసి, మడిచి, మళ్లీ ఆరేస్తోంది.

తర్వాత ఆవిడే చెప్పింది. ఆ తొమ్మిదో పాటను ఆయన గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసేవాడట. ఇంగ్లిషు మాటలు గుర్తులేక సొంతంగా తెలుగు ముక్కలు కట్టుకున్నాడు. "ఓడ పోతే పోనీ, నేనుంటా లే." నావికుడు రాని ఆ ఆదివారం తర్వాత మళ్లీ నోరెత్తి పాడలేదు.

"నిజంగా ఆ పాట ఉందంటావా, అక్కా?"

"నాకేం తెల్సు, చెల్లీ? మనిషి మంచోడు. మాటలు కొంచెం ఎక్కువ." పొయ్యి వైపు తిరిగి అంది, "ఉంటే బాగుండు."

ఆ 'ఉంటే బాగుండు' నాకు ముల్లులా గుచ్చుకుంది. చచ్చిపోయినవాణ్ని ఏటా పిలిచి, అన్నం పెట్టి, ఆ తలుపు బయటే అబద్ధాలకోరు అని నవ్వుతారా? ఆ అన్నయ్య మీద నాకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి ఏడు, పెద్దల రోజు ఇంకా మూడు వారాలుందనగా, డర్బన్‌లో ఓవర్‌పోర్ట్ వైపు చీరల కొట్టు కోసం వెతుకుతూ పక్కన పాటల కొట్లోకి దూరాను. సీడీల వరసలో అదే వాన, అదే మూసేసిన కొట్టు, అదే కుక్క! ఆల్బం మళ్లీ విడుదలైంది. ముల్లు ఇరుక్కోని పాట అక్కకు వినిపిద్దామని చేతిలోకి తీసుకున్నాను. అలవాటు కొద్దీ వెనక పాటలు లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. లోపలి కాగితంలో చిన్న అక్షరాలతో ఉంది: కొన్ని దేశాల్లో అప్పట్లో తీసేసిన చివరి పాటను తిరిగి చేర్చామని.

"ఓరి దేవుడా!" అని కొట్లోనే అరిచాను. కొట్టాయన భయపడి, ఏమైంది మేడమ్ అన్నాడు.

ఆ రోజుల్లో ఆ దేశంలో మూసిపెట్టినవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. పక్కింటి ముసలాయన అటక మీద దాచిన పుస్తకాల్ని ఎండలో ఆరబెట్టుకుంటున్నాడు. మా స్కూల్లో పిల్లలు కొత్త జాతీయగీతాన్ని నాకు జూలూ మాటలతో సహా నేర్పుతున్నారు. పొద్దున్నే అసెంబ్లీలో వాళ్లతో పాటు తప్పులు పాడుతూ నిలబడితే ఎంత హాయిగా ఉండేదో! అంత మంచి కాలం నేను మళ్లీ చూడలేదు. ఆ కాలంలో ఒక పాట బయటపడితే వింతేముంది?

శనివారం మా ఆయనకు చూపించాను. ఆయన కాగితం చదివి, "వెళ్లి ముందు ఆవిడకు చెప్పు" అన్నాడు.

"మీకు తెలియదు, ఊరుకోండి. ఆ బస్సు డ్రైవరు మొహం అందరి ముందూ మాడిపోవాలి."

"ఇది ఆయన సంగతా, ఆవిడ సంగతా?"

"ఊరుకోండన్నానా!"

సీడీని పెట్టెలో చీరల కింద దాచాను. మూడు వారాలు దాచాను. పొద్దున అక్కతో టీ తాగుతూ, సాయంత్రం అక్క పక్కన బీన్స్ తుంచుతూ, నోరు మూసుకున్నాను. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

పెద్దల రోజు పొద్దున నా సీడీ ప్లేయరు తీసుకెళ్లి, పాట ఇరుక్కోకుండా ఉంటుందని మాత్రం చెప్పి, సీడీ తీశాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇంత చిన్న ప్లేటా! మా ఆయన కంటికి ఆనదు." గంధం గిన్నె కోసం చెయ్యి చాపింది.

"దానికి బొట్టు పెట్టకు తల్లీ, నీకు దండం పెడతా!"

చివరికి రాజీ కుదిరింది. పాతది దీపం పక్కన బొట్లతో నిలబడుతుంది, కొత్తది పాడుతుంది. ఆకు వేశారు, పీతల కూర వడ్డించారు. నేను మీట నొక్కాను. అందరం బయటికొచ్చాం, తలుపు మూశారు.

సీడీకి రెండో వైపు లేదు కదా, నాలుగు పాటల దగ్గర ఆగలేదు. అయిదు. ఆరు. అన్నయ్య గడియారం చూసుకున్నాడు. "ఏంటివాళ బావ మారు వడ్డించుకున్నాడా? మాకేమన్నా మిగుల్చుతాడా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనా మరి! ఎనిమిదోది అయింది. వాళ్లకు తెలిసిన ఆఖరి పాట అది. అన్నయ్య లేచి ప్యాంటు దులుపుకున్నాడు, తలుపు తట్టడానికి.

మౌత్ ఆర్గాన్ ఒక్కటే మొదలైంది. డ్రమ్స్ లేవు, గిటారు లేదు. ఊపిరి తీసుకుంటున్నంత నెమ్మదిగా.

అక్క బట్టల తీగ పట్టుకుని ఉంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. గాయకుడి గొంతు వచ్చింది. దాని వెనకే, దాని మీదే, ఒక్క స్వరం కూడా తప్పకుండా అక్క పెదాలు కదిలాయి. "ఓడ పోతే పోనీ... నేనుంటా లే..."

"తొమ్మిదోది, అన్నయ్యా" అన్నాను నేను. ఆ గెలుపు గొంతు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "లెక్కపెట్టారా?"

ఆయన మొహం నేను అనుకున్నట్టే మాడింది. నేను దాన్ని సరిగా చూడను కూడా లేదు. ఎందుకంటే అక్క నేల మీద కూలబడి ఉంది.

"ఆయన అబద్ధం చెప్పలే" అంది.

"అవునక్కా. అందుకే కదా..."

"అన్న నవ్వింది తర్వాత. ఆ రోజు ముందు నవ్వింది నేను." పాట సాగుతూనే ఉంది. "పీతల కూర గిన్నె చేతిలో ఉంది. ఆయన గుమ్మంలో ఒక్కడే నిలబడ్డాడు. నేను నవ్వాను, 'నువ్వెప్పుడు నిజం చెప్పావు గనక' అన్నాను. నేను నవ్వితే అందరూ నవ్వారు."

ఏటా ఆ ఆకులో పీతల కూర ఎందుకు పడుతోందో అప్పుడు తెలిసింది. ఆయనకు అది ఇష్టమని కాదు.

"నీకు ఎప్పుడు తెల్సు ఇది?" అని అడిగింది.

"మూడు వారాలైంది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "మూడు వారాల ముందు చెప్తే," అంది చాలా మెల్లగా, "మూడు వారాల ముందే ఆయనకి సారీ చెప్పుకునేదాన్ని కదా, చెల్లీ."

పాట అయిపోయింది. అన్నయ్య తలుపు దగ్గరికి వెళ్లి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించేశాడు. పక్కకు జరిగి చెల్లెలికి దారి ఇచ్చాడు.

అక్క లేచి కొంగుతో మొహం తుడుచుకుంది. మూడుసార్లు తట్టింది. ఆ తలుపుకు గడియ లేదు, తోస్తే తెరుచుకుంటుంది, అది ఆవిడ ఇల్లే.

"ఏమయ్యా," అంది, "నేను రావచ్చా?"

అని, తోయకుండా, అక్కడే నిలబడింది.