బాబాయి డెస్క్‌టాప్ సర్దాను

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా కంటికి ఎదుటివాళ్ళ తప్పులు తప్ప ఇంకేమీ ఆనేవి కావు. మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి లామినేషన్ కూడా చేయించుకుని (ఎవరో దాని మీద నీళ్ళు పోయడానికి కాచుకుని ఉన్నట్టు), ఫ్యాక్టరీలకు కూలీలను పంపే ఓ కాంట్రాక్టరు ఆఫీసులో చేరాను, హిందీ మాట్లాడే మా ఊళ్ళోనే గోల్‌మురి అనే పేటలో. అక్కడ ఉన్న ఒక్క కంప్యూటర్ ముందు కూర్చునేది శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్ద గుమాస్తా. ఆయన అందరికీ బాబాయే. ఆ డెస్క్‌టాప్ చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఇసుకేస్తే రాలనన్ని ఐకాన్లు. వెనకాల ఆంజనేయస్వామి ఫొటో పెట్టుకున్నారట గానీ నాకు తోక కొస ఒక్కటే కనిపించింది. ఒక్కో ఐకాను ఒక్కో కూలీ గేట్‌పాసు కాయితం, పేరైనా లేదు, స్కానర్ ఇచ్చిన అంకెలే. "బాబాయ్, యే క్యా హాల్ బనా రఖా హై" అన్నాను, దీనికి ఇదేం గతి పట్టించారని (తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబివ్వడం నాగరికత అనుకునే వయసు). "ఉండనీ పాపా, నాకు తెలుత్తాదిలే" అన్నారాయన.

సాయంత్రం ఆయన వెళ్ళగానే అన్నీ ఎత్తి ఒక ఫోల్డర్‌లో పడేశాను. స్వామివారు ఆపాదమస్తకం దర్శనమిచ్చారు. రేపు అందరూ నన్ను ఎంత మెచ్చుకుంటారో అనుకుంటూ ఇంటికెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు నుంచి ఫోను. భుయ్యాడీహ్ పేట నుంచి వచ్చే మా కూలీలను ఎనిమిది మందిని గేటు దగ్గర ఆపేశారు, షిఫ్టు మొదలయ్యేలోగా వాళ్ళ పాసు కాయితాలు పంపకపోతే లోపలికి రానివ్వరట. బాబాయి కంప్యూటర్ ఆన్ చేసి, తెర ఎడమ కింద మూలకు వేలు చాపి, అలాగే ఉండిపోయారు. "గట్టు మీదోళ్ళు ఈ మూలే కదా ఉండాల" అని గొణుక్కుంటుంటే అప్పుడు అర్థమైంది నాకు. పేర్లు టైపు చెయ్యడానికి ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకని ఎవరి ఇల్లు ఎటువైపో వాళ్ళ ఐకాను అటువైపు పెట్టుకున్నారు. పైన గోల్‌మురి, ఓ పక్కన సోనారి, కింద మూల భుయ్యాడీహ్, అందులోనూ నది గట్టున ఉండేవాళ్ళు అట్టడుగున. నేను ఊరినంతా ఎత్తి గోనెసంచిలో పోశాను.

"ఇదిగో, ఇందులో ఉన్నాయి" అని ఆ ఫోల్డర్ నేనే కనిపెట్టినట్టు చూపించాను కూడా. ఒక్కొక్కటీ తెరిచి వెతికేసరికి షిఫ్టు మొదలైపోయింది. ఎనిమిది మందీ సైకిళ్ళు తిప్పుకుని ఇళ్ళకు పోయారు, ఆ రోజు హాజరు పోయింది. కోపం వస్తే హిందీలోకి దిగే మా ఓనరు "బుడ్ఢే హో గయే హో, ఘర్ బైఠో" అని, ముసలాడివైపోయావు ఇంట్లో కూర్చోమని, అందరి ముందూ అరిచాడు. బాబాయి తలొంచుకుని "నానే ఏదో నొక్కేసినాను బాబూ" అన్నారు. నేను పక్కనే నిలబడి కీబోర్డు తుడుస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, చావలేదు సరికదా, మధ్యాహ్నం క్యారియర్ మొత్తం తిన్నాను.

ఆయన చెబుతుంటే ఐకాన్లన్నిటినీ మళ్ళీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు చేర్చడానికి వారం పట్టింది. ఆ వారమంతా మాట నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. నాలుగేళ్ళ తర్వాత ఆయన పని మానేసే రోజున, "బాబాయ్, అప్పుడు సర్దింది నేనే" అన్నాను, తెలుగులోనే.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "తెలుసమ్మా. నువ్వు కాక ఇంకెవరు సేత్తారు?"

"మరి అడగలేదేం?"

"నువ్వే సెప్తావని సూసినాను. రోజూ నువ్వొచ్చి కూకోగానే, ఇయ్యాల సెప్తాదేమో అనుకునీవోణ్ణి."

ఆయన అలా ఎదురుచూసిన ప్రతి పొద్దునా "నమస్తే బాబాయ్" అని ఎంతో మర్యాదగా పలకరించి కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముఖం చేతుల్లో దాచుకునే నవ్వుకోవాలి.