రొయ్యల చెరువు అడుగున మడ అడవి

గుడివాడ కాలేజీలో నేను బోటనీ చెబుతాను. ఒక వేసవిలో మా స్టూడెంట్ వాళ్ల మావయ్య బంటుమిల్లి నుంచి ఫోన్ చేశారు.

"మేడమ్ గారూ, రొయ్యల చెరువు తవ్విస్తున్నామండీ. అడుగున నల్లమట్టి, అందులో చెక్కముక్కలు పడ్డాయి. మీకు చెప్పమని మావాడు ఒకటే గోల."

బస్సెక్కి వెళ్లాను. గుంటలోకి దిగి మట్టిపెళ్ల ఒకటి విరిస్తే మధ్యలో ఆకు, ఈనెలతో సహా! సంతోషం పట్టలేక కేక పెట్టాను.

"బంగారమాండీ?" అని ఆయన గట్టు మీంచి అరిచారు.

"ఆకండీ!"

ఆయన మొహం చిన్నబోయింది. "ఆకేం చేసుకుంటారండీ?"

"ఏ చెట్టుకు ఎంత వాన కావాలో, ఎలాంటి నేల కావాలో మనకు తెలుసు కదండీ. వేల ఏళ్ల కిందట ఇక్కడ ఏ చెట్లుండేవో తెలిస్తే వానలెలా పడేవో కూడా చెప్పొచ్చు."

ఆయన "అయితే మెషిన్ ఆపిస్తాను, కావలసినంత తీసుకోండి" అన్నారు.

గుంట గోడ నుంచి, అడుగు మొదలుకొని పైదాకా వరసగా మట్టి తీసి డబ్బాలకెత్తాను. ల్యాబ్‌లో దాన్ని ఆమ్లాలతో కడిగితే చివరికి పుప్పొడి మిగులుతుంది. వేల ఏళ్లు మట్టిలో ఉన్నా దాని పెంకు చెడిపోదు.

సెలవులకు బందరు వెళ్తూ స్లైడ్లూ మైక్రోస్కోపూ మోసుకెళ్లాను. మా నాన్న కలంకారీ అచ్చులు చెక్కుతారు. ఒకసారి చూడమంటే, ఇక కన్ను తియ్యలేదు.

"వల అల్లినట్టుందే బేటీ! ఏంటిది?"

"మడచెట్టు పుప్పొడి నాన్నా. హంసలదీవిలో ఇప్పుడున్న చెట్లదీ ఇలాగే ఉంటుంది."

"అంటే సముద్రం బంటుమిల్లి దాకా ఉండేదా?"

"ఉప్పునీళ్లయితే వచ్చేవి. పై పొరల్లో మడ తగ్గిపోయి గడ్డి పెరిగింది. సముద్రం వెనక్కి జరిగిందో, వానలే తగ్గాయో ఇంకా తేలలేదు."

"తేలేదాకా తవ్వించు" అని నవ్వి, ఆయన టేకుముక్క అందుకున్నారు.

చుట్టుపక్కల చెరువుల మట్టి కూడా చూశాక తేలింది. రెండూ జరిగాయి. పై పొరల్లో మెట్టనేలల్లో పెరిగే మొక్కల పుప్పొడి అంతటా కనిపించింది. సముద్రం జరిగినంత మాత్రాన అది రాదు, వానలు కూడా తగ్గి ఉండాలి. ఆ సంగతి కాలేజీ సెమినార్‌లో చెప్పిన రోజు, నాన్న చెక్కిన పుప్పొడి అచ్చుతో అద్దిన దుపట్టా వేసుకున్నాను.

అదే అచ్చు వేసిన దుప్పటి ఒకటి చెరువాయనకూ ఇచ్చాను. ఆయన దాన్ని పరుచుకోలేదు, చెరువు దగ్గరి షెడ్డులో గోడకి వేలాడదీశారు. వచ్చినవాళ్లందరికీ "మా చెరువులో పూసిన పువ్వండీ" అని చూపిస్తారు. పువ్వు కాదు, పుప్పొడి అని చాలాసార్లు చెప్పి చూశాను. ఇప్పుడు మానేశాను.